ఓలే యాకొబ్: బంగాళాఖాతంలో పట్టుబడ్డ నార్వే ఓడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి చదివేవాళ్ళకు ‘ఆటోమెడన్’ అనే బ్రిటిష్ ఓడ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. రహస్య పత్రాలతో సహా జర్మన్లకు చిక్కిన ఓడ అది. దానికి సరిగ్గా ఒకరోజు ముందు, అదే జర్మన్ల చేతికి చిక్కిన నార్వే ట్యాంకర్ పేరు మాత్రం ఆ కథలో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆ ట్యాంకరే ఓలే యాకొబ్. అది పట్టుబడింది మన బంగాళాఖాతంలో.

విశాఖ బీచ్‌లో సాయంత్రం కూర్చుంటే దూరంగా లంగరు వేసిన ట్యాంకర్లు కనిపిస్తాయి. సరుకు నిండుగా ఉన్నది నీళ్ళలోకి బాగా దిగిపోయి, డెక్కు అలలకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. ఖాళీది ఎర్ర రంగు అడుగు భాగం చూపిస్తూ ఎత్తుగా తేలుతుంది. ఓలే యాకొబ్ గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఆ నిండు ఓడే గుర్తొస్తుంది. ఎందుకంటే ఈ కథంతా దాని కడుపులో ఉన్న పెట్రోలు చుట్టూనే తిరిగింది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

పేరు ఎలా పలకాలి? కొన్నిచోట్ల ‘జేకబ్’ అని ఉంటుంది కదా?

నార్వే భాషలో మన ‘య’ ధ్వనికి వాడే అక్షరాన్ని ఇంగ్లిష్‌వాళ్ళు ‘జ’ అని చదువుతారు. అందుకే ‘ఓలే జేకబ్’ అయింది. రెండూ ఒకటే ఓడ. 1941 చివరి నాటికి జర్మన్లు దానికి ‘బెన్నో’ అని పేరు మార్చారు. కాబట్టి పాత రికార్డుల్లో వెతికేటప్పుడు ఆ పేరుతో కూడా చూడాలి. లేకపోతే కథ సగంలో ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

అది ఎలాంటి ఓడ? ఎవరిది?

మోటారు ట్యాంకర్, అంటే బొగ్గుతో నడిచే స్టీమరు కాదు, డీజిల్ ఇంజన్లతో నడిచే నూనె ఓడ. స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో గోటావెర్కెన్ షిప్‌యార్డులో 1939లో తయారైంది. 8,306 టన్నులది. యజమానులు నార్వే దక్షిణ తీరంలోని క్రిస్టియాన్‌సాండ్ ఊరివాళ్ళు, యోహానెస్ హాన్సెన్ ట్యాంకర్ కంపెనీ. పట్టుబడే నాటికి ఓడ ఇంకా కొత్తది, వయసు ఏడాదికి కాస్త అటూ ఇటూ.

నార్వే అప్పటికే జర్మనీ చేతిలో ఉంది కదా. మరి ఈ ఓడ బ్రిటన్ కోసం ఎలా పని చేసింది?

చాలామందికి ఇక్కడే తికమక వస్తుంది. కాస్త వివరంగా చెప్తాను.

జర్మనీ 1940 ఏప్రిల్ 9న నార్వే మీద దాడి చేసింది. ఆ రోజు నార్వే వాణిజ్య ఓడల్లో చాలా భాగం దేశంలో లేవు. ప్రపంచం నలుమూలలా సముద్రం మీద ఉన్నాయి. అప్పట్లో నార్వే వాణిజ్య నౌకాదళం ప్రపంచంలో నాలుగో పెద్దది. ట్యాంకర్ల లెక్కలో ఇంకా ముందుంది, ప్రపంచ ట్యాంకర్లలో సుమారు అయిదో వంతు వాళ్ళవే. ఇంత చిన్న దేశానికి అన్ని ట్యాంకర్లు ఉన్నాయంటే మొదట నాకు కూడా నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో ప్రతి ఓడ రేడియోకీ రెండు వైపుల నుంచి ఆజ్ఞలు వచ్చాయి. జర్మన్ల అదుపులో ఉన్న ఓస్లో నుంచి: వెంటనే ఇంటికో, తటస్థ దేశాల రేవులకో వెళ్ళండని. రెండో వైపు నుంచి: మిత్రరాజ్యాల రేవులకు రండని. ఇల్లూ, భార్యాపిల్లలూ నార్వేలో ఉన్న కెప్టెన్లు నడిసముద్రంలో నిలబడి తేల్చుకోవాలి. జర్మన్ల అదుపుకు బయట ఉన్న ఓడల్లో దాదాపు అన్నీ మిత్రరాజ్యాల వైపే తిరిగాయి.

అప్పుడే నార్వే ప్రభుత్వం ఈ ఓడలన్నింటినీ స్వాధీనం చేసుకుని, లండన్ కేంద్రంగా ‘నోర్త్రాషిప్’ అనే సంస్థ కింద పెట్టింది. వెయ్యి దాకా ఓడలతో అది ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీ. జూన్ 7న రాజు ఏడో హాకోన్, ప్రభుత్వం త్రోమ్సో నుంచి బ్రిటన్‌కు వెళ్ళిపోయాక, ప్రవాసంలో ఉన్న ఆ ప్రభుత్వానికి బతుకుతెరువు కూడా ఈ ఓడల సంపాదనే. ఓలే యాకొబ్ అలాంటి ఓడల్లో ఒకటి.

1940 నవంబరులో అది ఏం మోసుకెళ్తోంది?

సింగపూర్ నుంచి సూయెజ్‌కు విమానాల పెట్రోలు, దాదాపు పదివేల టన్నులు. ఈజిప్టులో, మధ్యధరా ప్రాంతంలో ఇటలీతో పోరాడుతున్న బ్రిటిష్ విమానాలకు అది కావాలి. మలక్కా జలసంధి దాటి, సుమత్రా కొనను చుట్టి, శ్రీలంక వైపు పడమటికి తిరిగే మామూలు దారిలోనే వెళ్తోంది.

దాన్ని పట్టుకున్న జర్మన్ ఓడ ‘అట్లాంటిస్’ యుద్ధనౌకా?

పైకి చూస్తే కాదు. అదే దాని బలం. అసలు పేరు గోల్డెన్‌ఫెల్స్, బ్రెమెన్‌లోని హన్సా కంపెనీ సరుకుల ఓడ. హన్సా కంపెనీ ప్రధాన వ్యాపారం జర్మనీ నుంచి భారతదేశానికి సరుకు రవాణా. యుద్ధం వచ్చాక దానికి ఆరు 150 మిల్లీమీటర్ల ఫిరంగులు అమర్చి, అవి కనపడకుండా రేకు తలుపులు పెట్టారు. పొగగొట్టం ఎత్తు మార్చేవాళ్ళు, రంగులు మార్చేవాళ్ళు, జెండా మార్చేవాళ్ళు. ఒక దశలో ‘తరీఫా’ అనే నార్వే ఓడలా వేషం కట్టి తిరిగింది. కెప్టెన్ పేరు బెర్న్‌హార్డ్ రోగె. 1940 మార్చి చివర్లో జర్మనీ వదిలి, 1941 నవంబరు 22న దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటిష్ క్రూయిజర్ డెవన్‌షైర్ చేతిలో మునిగేదాకా 22 ఓడల్ని ముంచడమో పట్టుకోవడమో చేసింది.

ఓలే యాకొబ్‌ను ఎలా పట్టుకున్నారు?

ముందురోజు సంగతితో మొదలుపెట్టాలి. నవంబరు 8-9 రాత్రి అట్లాంటిస్‌కు ‘టెడ్డీ’ అనే మరో నార్వే ట్యాంకర్ ఎదురైంది, అబాదాన్ నుంచి సింగపూర్‌కు ఇంధన నూనె తీసుకెళ్తోంది. చీకట్లో జర్మన్లు తమను బ్రిటిష్ సాయుధ ఓడ ‘యాంటెనర్’గా చెప్పుకుని దాన్ని ఆపించి, మనుషుల్ని ఎక్కించి పట్టుకున్నారు.

మర్నాడు, నవంబరు 10న, నికోబార్ దీవులకు నైరుతిగా బహిరంగ సముద్రంలో ఓలే యాకొబ్ కనపడింది. పెట్రోలు ట్యాంకర్ మీద ఫిరంగి పేలిస్తే ఏమవుతుందో రోగెకు తెలుసు. ఆ ఓడ అతనికి చెక్కుచెదరకుండా కావాలి. అందుకని ఒక మోటారు పడవ దింపాడు. పడవలో పైకి కనపడేలా ఉన్నది బ్రిటిష్ ఆఫీసర్ల దుస్తుల్లో ఉన్న ఇద్దరే. మిగతా ఆయుధధారులు టార్పాలిన్ కింద నక్కి ఉన్నారు.

ట్యాంకర్ డెక్కు మీద నిలబడ్డ నావికుడి కళ్ళతో ఈ దృశ్యాన్ని ఒకసారి చూడండి. యుద్ధకాలం. ఒక ఓడ ఆపమంది, మిత్రుల ఓడనని చెప్పింది. పడవలో ఇద్దరు ఆఫీసర్లు వస్తున్నారు, కాగితాలు తనిఖీ చేస్తారు కాబోలు. యుద్ధంలో ఇలాంటి తనిఖీలు మామూలే. పడవ ఓడ పక్కకు ఆనింది, ఆఫీసర్లు పైకెక్కారు. అప్పుడు టార్పాలిన్ లేచింది. పిస్తోళ్ళు పట్టుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు డెక్కు మీదికి వచ్చేశారు. కాళ్ళ కింద పదివేల టన్నుల పెట్రోలు. ఆ చోట ఎదురుతిరిగి కాల్పులకు దిగడమంటే అందరూ కలిసి కాలిపోవడమే. ఓడ అలా చేతులు మారింది.

కొందరు ‘అంత తేలిగ్గా ఎలా మోసపోయారు?’ అని అడుగుతారు. నాకు ఆ ప్రశ్న అన్యాయంగా అనిపిస్తుంది. కాన్వాయ్ లేదు, తోడుగా యుద్ధనౌక లేదు, నలభై మంది కూడా ఉండని సిబ్బంది. ఆగకపోతే నిజంగా బ్రిటిష్ ఓడే అయినా అది కాల్చేది. వాళ్ళ ముందున్న దారులు ఏవీ మంచివి కావు.

టెడ్డీని తగలబెట్టారు కదా, దీన్ని ఎందుకు ముంచలేదు?

టెడ్డీని కొద్దిరోజులు దగ్గర పెట్టుకుని తర్వాత నిప్పు పెట్టారు. దాని పొగ స్తంభంలా ఆకాశానికి లేచింది. ఓలే యాకొబ్‌లో ఉన్నది విమానాల పెట్రోలు, అట్లాంటిస్ ఇంజన్లకు పనికిరానిది. కానీ జపాన్‌కు ఎంతో విలువైనది. అప్పటికి జపాన్ ఇంకా యుద్ధంలోకి దిగలేదు, చైనాతో మాత్రం పోరాడుతోంది, నూనె కోసం తహతహలాడుతోంది. జర్మన్ దాడి ఓడలకేమో పసిఫిక్‌లో డీజిల్ కావాలి. ఆ లెక్క కుదిరింది కాబట్టే ఓడ బతికింది.

ఆటోమెడన్ పత్రాలకూ దీనికీ సంబంధం ఏంటి?

మర్నాడే, నవంబరు 11న, అట్లాంటిస్ బ్లూ ఫన్నెల్ లైన్ ఓడ ఆటోమెడన్‌ను పట్టుకుంది. ఈసారి ఫిరంగులు పేలాయి. గుళ్ళు బ్రిడ్జి మీదే పడ్డాయి, కెప్టెన్‌తో పాటు అక్కడున్న ఆఫీసర్లు చనిపోయారు. దాంతో రహస్య కాగితాలను సముద్రంలో పారేయాల్సినవాళ్ళే లేకుండా పోయారు. నీళ్ళలో వేస్తే వెంటనే మునిగిపోయేలా ఇత్తడి రంధ్రాలు కుట్టిన ఒక సంచి జర్మన్లకు దొరికింది. దానిలో దూరప్రాచ్యంలోని బ్రిటిష్ సేనాధిపతి బ్రూక్-పోఫమ్‌కు పంపిన నివేదిక ఉంది. జపాన్ దాడి చేస్తే ఆ ప్రాంతానికి పెద్ద నౌకాదళాన్ని పంపే స్థితిలో బ్రిటన్ లేదని దాని సారాంశం.

ఆ కాగితాలను జపాన్‌కు చేర్చడానికి ఓడ కావాలి. అట్లాంటిస్ వెళ్ళలేదు. ఆటోమెడన్ దెబ్బతింది, ముంచేశారు. మిగిలింది జపాన్‌కు పంపాలనుకున్న ఓలే యాకొబ్. జర్మన్ సిబ్బందితో, పౌల్ కామెంజ్ అనే ఆఫీసర్ చేతుల్లో ఆ పత్రాలతో, నవంబరు మధ్యలో అది బయలుదేరింది. డిసెంబరు తొలి వారంలో కోబె రేవు చేరింది.

జపాన్‌లో ఏం జరిగింది?

పత్రాలు టోక్యోలోని జర్మన్ నౌకాదళ ప్రతినిధి పౌల్ వెన్నెకర్‌కు అందాయి. ఆయన సారాంశాన్ని బెర్లిన్‌కు తెలిపి, అనుమతి వచ్చాక డిసెంబరు 12న జపాన్ నౌకాదళ ఉన్నతాధికారులకు చూపించాడు. కామెంజ్ అసలు కాగితాలతో సైబీరియా రైల్లో బెర్లిన్ వెళ్ళాడు, ఆ తర్వాత జలాంతర్గామిలో వచ్చి మళ్ళీ అట్లాంటిస్ ఎక్కాడు.

కోబెలో మాత్రం పెట్రోలు దిగింది. బదులుగా జపాన్ జర్మన్ ఓడలకు కావలసిన నూనె ఇచ్చింది. బ్రిటన్ కోసం సింగపూర్‌లో నింపిన పెట్రోలు, బ్రిటన్ మీద యుద్ధానికి సిద్ధమవుతున్న దేశానికి చేరింది. పత్రాల గురించి ఎంతోమంది రాశారు. ఆ పెట్రోలు గురించి కూడా అంతే శ్రద్ధగా రాయాలని నా అభిప్రాయం.

అయితే ఆ పత్రాల వల్లే సింగపూర్ పడిపోయిందా? విశాఖ మీద బాంబులు కూడా అందుకేనా?

అంత సూటిగా ముడిపెట్టకండి. ఆ పత్రాల ప్రభావం ఎంత అన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. జపాన్ ధైర్యాన్ని అవి పెంచి ఉండవచ్చు. కానీ దక్షిణానికి దండెత్తాలన్న నిర్ణయానికి బలమైన కారణం 1941 వేసవిలో అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసి నూనె అమ్మకం ఆపేయడం. మళ్ళీ నూనే! సుమత్రా, బోర్నియో నూనె బావులు వాళ్ళకు కావాలి, మధ్యలో సింగపూర్ అడ్డం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడింది, మార్చిలో అండమాన్ పోయింది, ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో ఆ భయానికి ఊరొదిలి పల్లెలకు పోయిన కుటుంబాలు ఎన్నో.

ఆ ఏప్రిల్‌లో నార్వే ఓడలు కూడా మునిగాయా?

మునిగాయి. జపాన్ నౌకాదళానికి చెందిన అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్దిరోజుల్లో మన తూర్పు తీరం వెంట ఇరవైకి పైగా వాణిజ్య ఓడల్ని ముంచింది. వాటిలో ‘డాగ్‌ఫ్రెడ్’, ‘హెర్మోడ్’ నార్వేవి.

కోబె నుంచి ఓలే యాకొబ్ ఎక్కడికి వెళ్ళింది?

జర్మన్లకు పాలిచ్చే ఆవులా మారింది. 1940 చివరి రోజున పసిఫిక్‌లోని కరోలిన్ దీవుల్లో, లామోత్రెక్ అనే పగడాల దీవి దగ్గర ‘ఓరియన్’ అనే మరో జర్మన్ దాడి ఓడను కలిసింది. ఓరియన్‌ది తీరని నూనె దాహం. పాత స్టీమరు, ఇంజన్లు తరచూ మొరాయించేవి. అక్కడి నుంచి మరియానా దీవుల్లోని మౌగ్ దగ్గర ఆగి, తర్వాత ఓరియన్ వెంట హిందూ మహాసముద్రంలోకి వచ్చి ఇంధనం అందించింది. 1941 జులైలో బ్రిటిష్ గస్తీ తప్పించుకుని ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. ఎనిమిది నెలల్లో సగం ప్రపంచం తిరిగింది, అదీ పరాయి జెండా కింద.

చివరికి ఏమైంది?

‘బెన్నో’ అన్న కొత్త పేరుతో 1941 డిసెంబరులో జర్మన్ ఓడలకు ఇంధనం తీసుకుని మళ్ళీ బయలుదేరింది. ఎంతో దూరం పోలేదు. బిస్కే అఖాతం దగ్గర మిత్రరాజ్యాల విమానాల కంటపడి దెబ్బతిని, స్పెయిన్ ఉత్తర తీరంలోని కారిన్యో అనే చిన్న రేవులోకి చేరుకుంది. డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందురోజు, అక్కడే విమానాల దాడికి బలైంది. దాన్ని పట్టుకున్న అట్లాంటిస్ మునిగి అప్పటికి నెల రోజులు దాటింది. నూనె కోసం పట్టుబడ్డ ఓడ చివరికి నూనెతోనే పోయింది.

ఇలా జర్మన్లకు చిక్కిన ఓడల నావికులు ఏమయ్యేవాళ్ళు?

అందరి దారీ ఒకటి కాదు. ‘స్టోర్‌స్టాడ్’ అనే నార్వే ట్యాంకర్‌ను ‘పింగ్విన్’ అనే జర్మన్ ఓడ 1940 అక్టోబరులో పట్టుకుని ముందు మైన్లు వేయడానికి వాడుకుంది. తర్వాత అదే ఓడలో అయిదు వందలకు పైగా బందీలను కుక్కి బోర్డో పంపారు. ఆటోమెడన్ మనుషులు కూడా అందులోనే ఉన్నారు. చాలని తిండి, చాలని నీళ్ళు, కదలడానికి చోటులేని హోల్డులు. 1941 ఫిబ్రవరి 4న చేరారు.

అంతకన్నా ఘోరం ‘తిరన్నా’ కథ. అట్లాంటిస్ పట్టుకున్న ఆ నార్వే ఓడలో బందీలను ఫ్రాన్స్ పంపుతుంటే, 1940 సెప్టెంబరు 22న, తీరం ఇక కనపడబోతుండగా ‘ట్యూనా’ అనే బ్రిటిష్ జలాంతర్గామి జర్మన్ ఓడ అనుకుని టార్పెడో వేసింది. 87 మంది చనిపోయారు. బ్రిటిష్ ఓడల్లో పనిచేసే భారతీయ లాస్కర్లు కూడా వాళ్ళలో ఉన్నారు. మన కలాసీలు నార్వే ఓడలో, జర్మన్ల బందీలుగా, బ్రిటిష్ టార్పెడోకు చనిపోయారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

యుద్ధం అయ్యాక నార్వే తన నావికులను ఎలా చూసుకుంది?

చాలాకాలం పాటు సరిగా చూసుకోలేదు. సుమారు ముప్పై వేల మంది నోర్త్రాషిప్ ఓడల్లో పనిచేశారు. మూడు వేలకు పైగా నార్వే నావికులు ప్రాణాలు కోల్పోయారు, ఓడల్లో దాదాపు సగం పోయాయి.

బ్రిటిష్ నావికులకన్నా నార్వేవాళ్ళ జీతం ఎక్కువ ఉండకూడదని బ్రిటన్ ఒత్తిడి చేసింది. దాంతో యుద్ధకాలపు భత్యం తగ్గించి, ఆ తేడా సొమ్మును ఒక రహస్య నిధిలో వేశారు. యుద్ధం అయ్యాక అది తమ చేతికి వస్తుందని నావికులు నమ్మారు. రాలేదు. కష్టాల్లో ఉన్నవాళ్ళకూ వితంతువులకూ పంచుతామని ప్రభుత్వం అంది. నావికులు కోర్టుకెక్కి ఓడిపోయారు. చివరికి 1972లో పార్లమెంటు వాళ్ళకు కొంత సొమ్ము మంజూరు చేసింది. అప్పటికి ఎంతోమంది పోయారు. ఈలోగా డాక్టర్లు ఈ నావికుల్లో నిద్ర పట్టకపోవడం, పీడకలలు, ఎప్పుడూ టెన్షన్‌గా ఉండటం లాంటివి గమనించి దానికి ‘యుద్ధ నావికుల సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. యూనిఫాం లేనివాళ్ళు కాబట్టి వాళ్ళను సైనికులుగా చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. 2013లో నార్వే రక్షణ మంత్రి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

నన్నడిగితే ఈ భాగం ఆటోమెడన్ పత్రాలకన్నా పెద్ద కథ.

రోగెకు జపాన్ చక్రవర్తి కత్తి బహూకరించాడంటారు. నిజమేనా?

అలా చాలా పుస్తకాల్లో ఉంది, ఆ పత్రాలకు కృతజ్ఞతగా ఇచ్చారని. యుద్ధం తర్వాత రోగె పశ్చిమ జర్మనీ నౌకాదళంలో అడ్మిరల్ హోదాలో పనిచేసి 1982లో చనిపోయాడు.

ఇప్పుడు వెళ్ళి చూడటానికి ఏమైనా మిగిలిందా?

ఓలే యాకొబ్ లేదు. కానీ దాని సొంత ఊరు క్రిస్టియాన్‌సాండ్‌లో ‘హెస్త్‌మాన్‌డెన్’ అనే చిన్న ఆవిరి ఓడ ఉంది. 1911లో బెర్గెన్‌లో కట్టారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ తిరిగి ప్రాణాలతో బయటపడింది. ఇప్పుడు బాగుచేసి యుద్ధ నావికుల మ్యూజియంగా ఉంచారు. అదే ఊళ్ళో ‘ఆర్కీవె’ అనే కేంద్రం ఉంది. యుద్ధకాలంలో గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసు, ఆ భవనంలో ఉండేది. ఇప్పుడు ఆ కేంద్రంవాళ్ళే నార్వే యుద్ధ నావికుల పేర్లు, వాళ్ళు ఎక్కిన ఓడల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు. ఓడ పేరుతో వెతకవచ్చు, మనిషి పేరుతోనూ వెతకవచ్చు.